ఎటు పోయింది? - ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు పాఠాల వరుస గురించి కేస్ స్టడీ

కడప జిల్లా పడమటి భాగంలో, నాపరాయి (కడప బండ అని పిలిచే సున్నపురాయి) గనులూ బండల పాలిష్ ఫ్యాక్టరీలూ దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో రెండు విద్యా సంవత్సరాల పాటు జరిగిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఊరి పేరు, ఉపాధ్యాయుల పేర్లు, సంవత్సరాలు రాయడం లేదు; గుర్తు పట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలను కావాలనే మార్చాను. నేను ఆ బడి ఉపాధ్యాయుణ్ణి కాను. చాలా ఏళ్ళు భౌతిక రసాయన శాస్త్రం బోధించి, తరువాత స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు రిసోర్స్ పర్సన్‌గా వెళ్తున్న రోజుల్లో ఆ బడి పి.ఎస్. (ఫిజికల్ సైన్స్) ఉపాధ్యాయుడు నన్ను పిలిచారు. ఈ పనిలో జరిగిన తప్పుల్లో పెద్దవి నావే కాబట్టి వాటిని దాచకుండా రాస్తాను.

నేపథ్యం

మన ఉన్నత పాఠశాలల్లో సైన్సు ఒక సబ్జెక్టుగా కనిపించినా ఆచరణలో అది ఇద్దరు మనుషులు, రెండు టైంటేబుళ్ళు, రెండు టీచింగ్ డైరీలు. భౌతిక రసాయన శాస్త్రాన్ని పి.ఎస్. సార్ చెబుతారు, జీవశాస్త్రాన్ని ఎన్.ఎస్. మేడం చెబుతారు. ఈ బడిలో ఇద్దరూ శ్రద్ధగా పనిచేసేవారే, ఒకరంటే ఒకరికి గౌరవం ఉన్నవారే. అయినా ఈ నెలలో నువ్వేం చెబుతున్నావు, నేనేం చెబుతున్నాను అని కూర్చుని మాట్లాడుకున్న సందర్భం తమకు గుర్తు లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. అవసరం రాలేదు. పుస్తకం ఉంది, నెలవారీ సిలబస్ పట్టిక ఉంది, ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షకు ఏ పాఠాలో పైనుంచి వస్తుంది.

పదో తరగతిలో 38 మంది పిల్లలు. ఎక్కువ మంది తల్లిదండ్రులు గనుల్లోనో పాలిష్ ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవారు, మిగిలినవారు నల్లరేగడిలో శనగ, పత్తి వేసే రైతులు. పదో తరగతి మార్కులతో సీటు ఇచ్చే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఇదే జిల్లాలో ఉండడం వల్ల మార్కు అనే మాటకు ఇక్కడ మరింత బరువుంది. బాగా చదివేవారికి ఆ ఆశ, మధ్యవారికి పాలిటెక్నిక్ ఆశ. చివరి బెంచీలవాళ్ళు ఎటు వెళ్తారో వాళ్ళకూ తెలుసు, ఉపాధ్యాయులకూ తెలుసు.

వచ్చిన సమస్య

పి.ఎస్. సార్ ఫిర్యాదు ఇది: పిల్లలు సమీకరణాలను తుల్యం చేస్తున్నారు, కానీ అవి దేని గురించో వాళ్ళకు తెలియడం లేదు. ఆయన సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నాపబండ ముక్క మీద పోసి, బుసబుస పొంగుతున్న ఆ వాయువు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే సగం మంది "యాసిడ్‌లో నుంచి" అన్నారు, కొందరు "బయటి గాలి లోపలికి పోయి వచ్చింది" అన్నారు. అదే చర్యకు సమీకరణం రాయమంటే చాలామంది తప్పు లేకుండా రాశారు. బాత్‌రూం యాసిడ్ పడితే కడప బండ మచ్చ పడుతుందని ఆ పిల్లలందరికీ ఇంట్లోనే తెలుసు. తెలిసిన బండ ఒకచోట, రాసిన సమీకరణం ఇంకోచోట ఉండిపోయాయి.

ఎన్.ఎస్. మేడం ఫిర్యాదు వేరు. కిరణజన్య సంయోగక్రియ బాగా చెప్పానని అనుకున్న మరుసటి రోజు, చెట్టు కొయ్యకు బరువు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే తరగతి తరగతంతా "మట్టిలో నుంచి" అన్నదట. ఇవి రెండు సమస్యలనే మొదట ముగ్గురమూ అనుకున్నాం.

నేను పరిష్కారం జోలికి పోకుండా, ఐదు ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసి 8, 9, 10 తరగతులకు ఒకే రోజు ఇప్పించాను. 200 గ్రాముల నీళ్ళలో 20 గ్రాముల చక్కెర కరిగిస్తే మొత్తం తూకం ఎంత? సున్నం బట్టీలో కాల్చిన రాయి తేలికవుతుంది, ఆ తగ్గిన తూకం ఏమైంది? సైకిల్ ట్యూబులో గాలి కొడితే తూకం పెరుగుతుందా, తగ్గుతుందా? ఇనుప మేకు తుప్పు పడితే మొత్తం తూకం ఏమవుతుంది? వేప మొక్క మానైంది, ఆ కొయ్య దేంతో తయారైంది? ప్రతి జవాబుకూ కారణం ఒక వాక్యంలో రాయమన్నాం. ఎందుకంటే అవును, కాదు జవాబుల్లో సగం ఊహలే ఉంటాయి.

పదో తరగతి జవాబులు బాగా లేవన్నది ఊహించిందే. ఊహించనిది, ఎనిమిదో తరగతి జవాబులకూ పదో తరగతి జవాబులకూ తేడా దాదాపు లేకపోవడం. పదో తరగతిలో చక్కెర ప్రశ్నకు 17 మంది, సైకిల్ ట్యూబు ప్రశ్నకు 9 మంది సరైన జవాబు రాశారు. వేప కొయ్య ప్రశ్నకు గాలి మాట ఎత్తినవారు ఇద్దరే. మధ్యలో తొమ్మిదో తరగతిలో పదార్థపు కణ స్వభావం, పరమాణువులు, అణువులు అన్నీ చెప్పి, పరీక్ష పెట్టి, మార్కులు కూడా వేశారు. అంటే పాఠాలు జరిగాయి, భావన కదలలేదు.

కారణాల్లో రాసిన మాటలు నన్ను ఇంకోవైపు తిప్పాయి. "చక్కెర కరిగిపోయింది కాబట్టి", "ట్యూబులో ఉండేది గాలే కాబట్టి", "రాయి కాలిపోయింది కాబట్టి". మన భాషలో మార్పు జరిగితే చాలు, దాని వెనకాల 'పోయింది' వచ్చి కూర్చుంటుంది: కరిగిపోయింది, ఆవిరైపోయింది, ఇంకిపోయింది. గాలి అంటే ఏమీ లేనిదని అర్థం: గాలి కబుర్లు, గాలికి వదిలేశాడు. ఇది భాష తప్పు కాదు, ఏ భాషకైనా ఇలాంటివి ఉంటాయి. కానీ వాయువుకు ద్రవ్యరాశి ఉందని ఒప్పుకోని పిల్లవాడికి, వేప మాను కొయ్యలో ఎక్కువ పాలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందంటే ఎందుకు నమ్మాలి? అక్కడే ఆ రెండు ఫిర్యాదులూ ఒకటయ్యాయి. ఎన్.ఎస్. మేడం పాఠం నిలబడకపోవడానికి కారణం ఆమె పాఠంలో లేదు. ఆ పాఠానికి ముందు పి.ఎస్. తరగతిలో ఉండవలసింది లేకపోవడంలో ఉంది.

మొదటి ప్రయత్నం, మొదటి తప్పు

నేను ఇంట్లో కూర్చుని ఒక ఆదివారం ఛార్టు ఒకటి గీశాను. ఏ భావనకు ముందు ఏ భావన ఉండాలో బాణాలతో చూపించే ఛార్టు. దాని ప్రకారం పదో తరగతి పాఠాలను పక్కన పెట్టి, జూన్ రెండో వారం నుంచి మూడు వారాలు తొమ్మిదో తరగతి పరమాణువులు, అణువులు మళ్ళీ చెప్పాలి, ఆ తరువాతే రసాయన చర్యలు మొదలుపెట్టాలి. తర్కం ప్రకారం ఛార్టులో తప్పు లేదు. పి.ఎస్. సార్ నా మీద గౌరవంతో సరేనన్నారు.

మూడు వారాల తరువాత మూడు దిక్కుల నుంచి దెబ్బ తగిలింది. ఎఫ్.ఏ. ప్రశ్నపత్రం అందరికీ ఉమ్మడిది. అందులో మేము మొదలే పెట్టని పాఠం ఉంది. ప్రధానోపాధ్యాయులు మర్యాదగానే "మీరు ఏం చేసినా సరే సార్, ఎఫ్.ఏ. మార్కులు మాత్రం తగ్గకూడదు" అన్నారు. ఒక తండ్రి అంత మర్యాద పెట్టుకోలేదు: "మా వానికి ఇడుపులపాయలో సీటు రావల్ల సార్. చదివేసిన తొమ్మిదో తరగతి పాఠం మళ్ళా ఎందుకు చెప్తాండారు?" ఆ ప్రశ్న న్యాయమైనదే.

రెండో దెబ్బ, నేను ఎన్.ఎస్. మేడంను సంప్రదించకుండానే ఛార్టు గీయడం. ఆమె జీవక్రియలు పాఠాన్ని జూన్‌లోనే మొదలుపెట్టారు. నా మూడు వారాలు ముగిసేసరికి ఆమె కిరణజన్య సంయోగక్రియ దాటి శ్వాసక్రియలో ఉన్నారు. ఏ భావన కోసం ఇదంతా తలపెట్టానో అది ఆమె తరగతికి ఆలస్యంగా అందింది.

మూడోది అన్నిటికన్నా లోతైనది. మూడు వారాలు పునాది పేరుతో మేము చెప్పింది నిర్వచనాలు, సంకేతాలు, సంయోజకతలు. చరిత్రలో ఈ విషయాలు వచ్చిన వరుసను అప్పటికి నేను సరిగా ఆలోచించలేదు. స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ సున్నపురాయి వంటి పదార్థాలను కాల్చి, ఆమ్లంతో చర్య జరిపి, తగ్గిన తూకాన్ని లెక్కగట్టి, రాయిలో బంధించి ఉన్న ఒక వాయువు బయటికి పోతున్నదని 1756లో ప్రకటించాడు. ఫ్రాన్స్‌లో లవోజియే ద్రవ్యనిత్యత్వాన్ని, అంటే చర్యకు ముందూ తరువాతా మొత్తం ద్రవ్యరాశి మారదన్న నియమాన్ని, 1789లో స్పష్టంగా రాశాడు. డాల్టన్ పరమాణు సిద్ధాంతం 1808లో అచ్చయింది, మనం ఇప్పుడు వాడే తరహా సంకేతాలను బెర్జీలియస్ 1813, 1814 ప్రాంతంలో ప్రవేశపెట్టాడు. తూకంతో మొదలై గుర్తులతో ముగిసిన దాదాపు అరవై ఏళ్ళ దారిని, మేము మూడు వారాల్లో, అదీ తిరగేసి నడిపించాం: ముందు గుర్తులు, తరువాత పరమాణువు, ఆ తరువాత నియమం, తూకం అసలు లేనే లేదు. చరిత్ర వరుసే బడి వరుస కావాలని నేననను, వస్తువు మండితే ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందన్న పాత తప్పు సిద్ధాంతాన్ని పిల్లలకు నేర్పనక్కరలేదు. కానీ పెద్ద పెద్ద మేధావులకు ఏది ముందు అవసరమైందో అది పిల్లలకు అవసరం లేదనుకోవడానికి గట్టి కారణం ఉండాలి, నా దగ్గర అలాంటిదేమీ లేదు.

రెండో తప్పు: తూకం

ఛార్టు మడిచి పెట్టి, తూకంతో మొదలుపెడదామని అనుకున్నాం. ప్రయోగశాల అంటే ఒక బీరువా, అందులోని భౌతిక తులకు ఒక పళ్ళెం లేదు. పి.ఎస్. సార్ ఇంట్లో వంటకు వాడే డిజిటల్ తూకం యంత్రం తెచ్చారు. అది ఒక గ్రాముకు తక్కువ చూపదు. ఆ విషయం ఇద్దరికీ తెలుసు, పట్టించుకోలేదు. శంఖాకార కుప్పెలో ఆమ్లం పోసి, పక్కనే 2 గ్రాముల బండ పొడి పెట్టి, మొత్తం తూచాం: 163. పొడి ఆమ్లంలో వేశాం, పొంగింది, ఆగింది, మళ్ళీ తూచాం: 163. రెండోసారి చేస్తే 162 కాసేపు, 163 కాసేపు చూపింది. లెక్క ప్రకారం ఆ పొడి అంతా స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ అయినా పోవలసింది 0.88 గ్రాములే. ముందు బెంచీ కుర్రవాడు ఒకడు సంతోషంగా లేచి "చూడండి సార్, గాలికి తూకం లేదు" అన్నాడు.

ఈ సంఘటనను నేను ప్రతి సమావేశంలోనూ చెబుతాను. ప్రయోగం చేయకపోవడం కన్నా సరిపోని పరికరంతో చేయడం ఎక్కువ నష్టం. అంతకుముందు ఊహగా ఉన్నది ఇప్పుడు కళ్ళారా చూసిన సాక్ష్యమైంది. ఆ పిల్లవాడి తర్కంలో తప్పేమీ లేదు. వాడు చూసినదాన్ని బట్టే చెప్పాడు.

రెండు దారులు కనిపించాయి: బండ ఎక్కువ వేయడమా, మంచి తూకం తేవడమా. 20 గ్రాముల ముక్కలు, సరిపడా ఆమ్లం వాడితే ఏడెనిమిది గ్రాములు పోతుంది, వంటింటి యంత్రంలోనూ కనిపిస్తుంది. కానీ మాకు కావలసింది తగ్గడం ఒక్కటే చూపించడం కాదు. మూత బిగిస్తే తగ్గదు, తీస్తే తగ్గుతుంది అని రెండూ చూపించాలి. అంత వాయువును మూసిన సీసాలో పట్టడం ప్రమాదం. చాలామంది ఈ చోట సీసా మూతికి రబ్బరు బుడగ తగిలిస్తారు. నేను వద్దన్నాను: బుడగ ఉబ్బితే అది తొలగించిన గాలి మేరకు దానిపై ఉత్ప్లవన బలం (చుట్టూ ఉన్న గాలి పైకి నెట్టే బలం) పనిచేస్తుంది, వాయువు ఒక్క చుక్క బయటికి పోకపోయినా తూకం తగ్గినట్టు చూపుతుంది. 20 గ్రాముల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ నుంచి వచ్చే 8.8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు ఐదు లీటర్ల చోటు తీసుకుంటుంది, అంత గాలి తూకం ఆరు గ్రాములకు కాస్త అటూ ఇటూ. అప్పుడు పిల్లలకు ఇంకో అబద్ధపు సాక్ష్యం ఇచ్చినవాళ్ళమవుతాం.

కాబట్టి మంచి తూకం వైపే వెళ్ళాం. ఒక విద్యార్థిని మేనమామకు ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉంది. ఆయన పాత డిజిటల్ త్రాసును, 0.01 గ్రాము చూపేదాన్ని, వారం రోజులకు ఇచ్చారు. లీటరు సోడా బాటిల్, అందులో 50 మిల్లీలీటర్ల సజల ఆమ్లం, పలుచటి కాగితంలో 2 గ్రాముల బండ పొడి పొట్లం. ఒత్తిడి తట్టుకునే సోడా బాటిలే ఉండాలి, నీళ్ళ బాటిల్ పనికిరాదు. బాటిల్, మూత, పొట్లం అన్నీ కలిపి తూచి, పొట్లం లోపల జారవిడిచి వెంటనే మూత బిగించాం. బాటిల్ రాయిలా గట్టిపడింది. పిల్లలు ఒక్కొక్కరూ నొక్కి చూశారు. తూకం: రెండో దశాంశ స్థానంలో తప్ప మార్పు లేదు. తరువాత మూత తిప్పితే బుస్సుమన్నది, తూకం అర గ్రాముకు పైగా పడిపోయింది.

తరగతి నిశ్శబ్దమైంది. నేను అడిగింది ఒక్కటే: "తూకం పోయింది. ఎటు పోయింది?"

నిలబడిన పద్ధతి

ఆ ప్రశ్నే ఆ రెండేళ్ళలో మిగిలిన కాలానికి దారి చూపింది. పాఠాల వరుస మార్చే అధికారం మాకు లేదు, ఉమ్మడి పరీక్షలు ఉన్నంత కాలం మార్చనూ కూడదు. కానీ ప్రతి పాఠంలోనూ ఒకే ప్రశ్నను అడిగే స్వేచ్ఛను ఎవరూ ఆపరు. పాఠాలను ముందుకూ వెనక్కూ జరపడం మానేసి, పాఠాల కిందుగా ఒక ప్రశ్నను నడిపిద్దామని పి.ఎస్. సార్, ఎన్.ఎస్. మేడం, నేను ఒక సాయంత్రం కూర్చుని నిర్ణయించుకున్నాం. ఈసారి కాగితం మీద రాసింది ఎన్.ఎస్. మేడం. ఆమె పట్టికలో బాణాలు లేవు. ఎడమవైపు తన పాఠం, కుడివైపు 'నా తరగతికి పిల్లలు ఇది నమ్మి రావాలి' అనే ఒక వాక్యం. 'తెలిసి రావాలి' అని కాకుండా 'నమ్మి రావాలి' అని రాశారు, నేను దిద్దలేదు.

ఆ పట్టిక ప్రకారం మారినది చాలా తక్కువ. రెండో ఏడాది సోడా బాటిల్ ప్రయోగం జూన్‌లో బడి తెరిచిన మొదటి వారానికి వచ్చింది, ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియకు ముందు వాయువుకు ద్రవ్యరాశి ఉందన్న నమ్మకం కావాలి. దానికి పట్టింది ఒక పీరియడు. ఆ తరువాత మేడం వేప కొయ్య ప్రశ్నతో పాఠం మొదలుపెట్టి, పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అయిదేళ్ళు తొట్టిలో విల్లో మొక్క పెంచి చూసిన లెక్క చెప్పారు: మొక్క 5 పౌన్ల నుంచి 169 పౌన్లు దాటింది, ఎండబెట్టి తూచిన మట్టి కొద్ది ఔన్సులే తగ్గింది. ఆయన బరువంతా నీళ్ళ నుంచి వచ్చిందనుకున్నాడు. ఆయన ఏం మరిచిపోయాడని మేడం అడిగితే, సోడా బాటిల్ చూసిన పిల్లలు గాలి మాట ఎత్తారు. ఆ రోజు ఆమె నాకు ఫోన్ చేసి చెప్పిన తీరు ఇంకా గుర్తుంది.

ఇంకో మార్పు సున్నపునీటి సీసా. మొదటి ఏడాది నేను ఒక అమ్మాయిని, ఊపిరి ఊదితే సున్నపునీళ్ళు తెల్లబడడానికీ, బండ మీద ఆమ్లం పోసి వచ్చిన వాయువును పంపితే తెల్లబడడానికీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగాను. ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా "అది ఎన్.ఎస్. సున్నపునీళ్ళు సార్, ఇది పి.ఎస్.ది" అన్నది. రెండు పుస్తకాల్లో, రెండు నెలల్లో, రెండు వేర్వేరు బీకర్లలో కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తించే ఒకే పరీక్ష జరిగితే పిల్లలు ఇంకేమనుకుంటారు? రెండో ఏడాది నుంచి ఒకే సీసా, ఒకే చీటీ, స్టాఫ్‌రూంలో ఒకే చోటు. పి.ఎస్. తరగతిలో వాడిన సీసానే ఒక విద్యార్థి మోసుకుని ఎన్.ఎస్. తరగతికి తెచ్చేవాడు. చిన్న పనే, ఖర్చు లేదు.

పాఠం లోపల కూడా వరుస మార్చాం: ముందు కంటికి కనిపించేది, తరువాత తూకం, తరువాత తెలుగు మాటల్లో ఏం జరిగిందో చెప్పడం, ఆ పైన కణాల బొమ్మ, చివర సమీకరణం. కంటికి కనిపించే స్థాయి, కణాల స్థాయి, గుర్తుల స్థాయి అని అలెక్స్ జాన్‌స్టన్ రసాయన బోధనలో చూపిన మూడు స్థాయిలను ఒకేసారి పిల్లల మీద పడేయకుండా ఉండడమే ఇందులో కిటుకు. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండడం ఇక్కడ కలిసి వచ్చింది. మాటల్లో చెప్పడం తెలుగులో ముగించాకే ఇంగ్లీషు పేజీలోని సమీకరణానికి వెళ్ళేవాళ్ళం.

సున్నపురాయి ఏడాది పొడుగునా తోడు నడిచింది. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా కాలితే 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది, 44 గ్రాముల వాయువు పోతుంది; ఆ 44 ఎటు పోయింది? సున్నంలో నీళ్ళు పోస్తే సలసల కాగుతుంది. గోడకు వేసిన వెల్ల రెండు మూడు రోజుల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని మళ్ళీ కార్బొనేట్ అవుతుంది, అంటే పోయినది తిరిగి వచ్చింది. సున్నపునీటిలోకి వాయువును ఎక్కువసేపు పంపితే వచ్చిన తెలుపు మళ్ళీ విరిగి నీరు తేటపడుతుంది. బెలుం గుహల్లో రాయి కరగడానికీ మూలం ఆ చర్యే.

అన్నీ భావనల వరుసతో తేలేవి కావు, కొన్నిటిని కాలమే నిర్ణయిస్తుంది. ఆమ్లాలు, క్షారాలు పాఠం వర్షాకాలంలో అయిపోతుంది; శనగ చేలు ఆకు తొడిగేది ఆ తరువాత. శనగాకు పులుపు ఈ పిల్లలకు నాలుక మీద తెలుసు, అందులో మాలిక్ ఆమ్లం ఉంటుంది. అందుకని డిసెంబరులో ఒక ఉదయం మంచు ఆరకముందు నీలి లిట్మస్ కాగితాలతో చేలోకి వెళ్ళడం మాత్రం పట్టికలో విడిగా రాసుకున్నాం. వక్రీభవనంలో సైన్ నిష్పత్తి గణితంలో త్రికోణమితి కన్నా ముందే అవసరమైతే, గణితం సార్ సలహాతో గ్రాఫు కాగితంపై పొడవుల నిష్పత్తిగానే చూపించి గట్టెక్కాం.

లక్ష్యం గురించి ఒక మాట

ఇదంతా ఎందుకని ప్రధానోపాధ్యాయులు ఒకసారి సూటిగా అడిగారు. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 సైన్సు పాఠ్యక్రమానికి ఆరు రకాల సప్రమాణతలు (వాలిడిటీలు, అంటే పాఠ్యక్రమం సరైనదో కాదో చూసే కొలమానాలు) ఉండాలని చెప్పింది: జ్ఞానాత్మక, విషయ, ప్రక్రియా, చారిత్రక, పర్యావరణ, నైతిక. బి.ఎడ్. పరీక్షలో మేమంతా వీటిని వరుసగా రాసినవాళ్ళమే. నా అనుభవంలో వీటిలో మొదటిదీ మూడోదీ లేకపోతే మిగతావి నిలబడవు: పిల్లవాడి వయసుకు అందేలా ఉందా, జ్ఞానం ఎలా పుడుతుందో వాడు స్వయంగా చేసి చూశాడా. ఇడుపులపాయకు వెళ్ళే పిల్లకు ఇది పనికొస్తుంది. పాలిష్ ఫ్యాక్టరీలో చేరే కుర్రవాడికి కూడా ఇది పనికొస్తుందన్నది నా వాదన. ఎవరైనా 'ఈ పొడి గాలిలో కలిసిపోతుంది, ఏం కాదు' అంటే 'కలిసి ఎటు పోతుంది' అని అడగగలవాడు కావాలి. ఇద్దరికీ రెండు సైన్సులు పెట్టనక్కరలేదు. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారో లేదో తెలియదు, అభ్యంతరం మాత్రం చెప్పలేదు. ఎఫ్.ఏ. మార్కులు తగ్గకపోవడం అందుకు సాయపడి ఉండవచ్చు.

ఫలితం, మిగిలిపోయినవి

రెండో ఏడాది ఫిబ్రవరిలో అవే ఐదు ప్రశ్నలను సంఖ్యలు మార్చి ఇచ్చాం. ఆ ఏడాది పదో తరగతిలో 41 మంది. చక్కెర ప్రశ్నకు దాదాపు అందరూ, సైకిల్ ట్యూబు ప్రశ్నకు 33 మంది, వేప కొయ్యకు 24 మంది కారణంతో సహా సరిగా రాశారు. ఇది వేరే తరగతి, వేరే పిల్లలు, పైగా పరీక్ష తయారు చేసినవాళ్ళమే పాఠమూ చెప్పాం; కాబట్టి ఈ అంకెలను రుజువుగా చూపను. కారణాల్లో వచ్చిన మార్పు నాకు అంకెల కన్నా ఎక్కువ చెప్పింది. ఒక పిల్లవాడు మేకు ప్రశ్నకు "తుప్పు రాలిపోకుండా పట్టుకుంటే తూకం పెరుగుతాది, గాలిలో నుంచి ఆక్సిజన్ వచ్చి చేరింది కాబట్టి" అని రాశాడు. రాలిపోకుండా పట్టుకుంటే అన్న షరతు ఏ పుస్తకంలోనూ లేదు.

కదలనివి కూడా ఉన్నాయి. మోల్ (కణాలను పెద్ద గుంపుగా లెక్కించే ప్రమాణం) భావనకు ఈ పద్ధతి ఏమీ చేయలేకపోయింది. ద్రవ్యరాశి నుంచి సంఖ్యకు దూకే చోట 'ఎటు పోయింది' అన్న ప్రశ్న సాయపడదు, దానికి వేరే ప్రశ్న వెతకాలి. విద్యుత్ పాఠంలో ఇదే ప్రశ్న అడిగితే హాని జరిగింది: బల్బులో కరెంటు 'ఖర్చయిపోతుంది' అనుకునే పిల్లలు, ఎటు పోయిందని అడిగేసరికి ఆ ఊహను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. అక్కడ అమ్మీటరును బల్బుకు ముందూ వెనకా పెట్టి, ఏమీ పోలేదని చూపించి, తగ్గేది విద్యుత్ శక్తి అని విడదీయవలసి వచ్చింది. ఒక పాఠంలో తాళం తీసిన చెవి పక్క పాఠంలో తాళం బిగించవచ్చని అప్పటిదాకా నేను అనుకోలేదు. పంట పనుల రోజుల్లో రాని ఆరేడుగురికి సోడా బాటిల్ ప్రయోగం మళ్ళీ చూపించలేదు. వాళ్ళ జవాబు కాగితాలు మొదటి ఏడాది కాగితాల్లాగే ఉన్నాయి.

రెండో ఏడాది వేసవిలో బదిలీలు జరిగి ఎన్.ఎస్. మేడం వేరే మండలానికి వెళ్ళారు. ఆమె స్థానంలో వచ్చిన యువ ఉపాధ్యాయురాలికి పట్టిక ఇచ్చాం, సీసా చూపించాం. ఆగస్టులో ఆమె నాకు ఫోన్ చేశారు. స్టాఫ్‌రూంలో సీసా మూత ఎవరో వదులుగా పెట్టినందువల్ల సున్నపునీటి పైన మీగడలాంటి తెల్లటి పొర కట్టిందట. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె దాన్ని గీరి, పి.ఎస్. సార్‌ను అడిగి చుక్క ఆమ్లం వేయించి, పొంగితే పరుగెత్తుకుంటూ ఈమె దగ్గరికి వచ్చి "మేడం, సీసాలో బండ పుట్టింది" అని చెప్పిందట. ఆ పీరియడంతా దాని మీదే గడిచింది. ఫోన్ చేసింది మాత్రం వేరే సందేహంతో: "సార్, టీచింగ్ డైరీలో ఇది ఏ పాఠం కింద రాయాలి?"